చల్లారితే గాజులా మారే లోహం

ఎముకల వార్డులో మీరు నన్ను తరచు అడిగే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, మావాడి కాల్లో వేసిన రాడ్డు ఎన్నాళ్ళుంటుంది? తీయడానికి మళ్ళీ కోస్తారా?" రెండో ఆపరేషన్ అంటే మళ్ళీ ఖర్చు, మళ్ళీ పని పోగొట్టుకోవడం. దాన్ని తప్పించాలని శాస్త్రవేత్తలు చేస్తున్న ఒక ప్రయత్నం గురించి ఈ రోజు చెబుతాను.

వంట చేసేవాళ్ళకు ఇది సులువుగానే అర్థమవుతుంది. చక్కెర పాకం నిదానంగా ఆరితే పలుకు కడుతుంది. పటికబెల్లం అలా తయారయ్యేదే. ముదురు పాకాన్ని చన్నీళ్ళలో వేస్తే పలుకు కట్టే వ్యవధి ఉండదు. గాజులా గట్టిపడి, కంచానికి కొడితే టంగుమంటుంది. లోహమూ అంతే. మామూలుగా చల్లారితే దానిలోని పరమాణువులు వరుసల్లో సర్దుకుని పలుకులు కడతాయి. 1960లో అమెరికాలోని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పోల్ డ్యూవెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపి కరిగించి, సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చింది. పలుకు కట్టలేదు. కానీ వచ్చింది పలుచని రేకు మాత్రమే. 1980ల చివర, 1990ల మొదట్లో జపాన్‌లోనూ అమెరికాలోనూ ఇంకో దారి దొరికింది. పరమాణువుల సైజులో తేడా ఉన్న మూడు, నాలుగు లోహాలు కలిపితే నిదానంగా చల్లార్చినా పలుకు కట్టదు. పాకంలో నిమ్మరసం పిండితే చక్కెర కట్టదు చూడండి, దాదాపు అలాంటిదే. గాజు అన్నాను కదా అని అద్దంలా ఉంటుందనుకోకండి, చూడ్డానికి మెరిసే లోహమే.

ఇక ఎముకల సంగతి. మెగ్నీషియం ఒంట్లో కరిగిపోయే లోహం. బెల్జియంలో లాంబాట్ అనే సర్జన్ 20వ శతాబ్దం మొదట్లోనే దానితో ప్లేటు వేశారు. అది మరీ త్వరగా కరిగి చర్మం కింద గ్యాసు చేరింది. 2009లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ శాస్త్రవేత్తలు మెగ్నీషియం, జింకు, కాల్షియం కలిపి గాజు రూపంలో చల్లార్చారు. ఆ రూపంలో జింకు ఎక్కువ పట్టించవచ్చు. జింకు పెరిగేసరికి గ్యాసు బాగా తగ్గింది. జంతువుల్లో పెట్టి చూస్తే గ్యాసు బుడగలు కనిపించలేదు.

అయితే ఇది పెళుసు. కొద్ది మిల్లీమీటర్ల మందం మించి పోత పోయడం కష్టం. బరువు మోసే తొడ ఎముకకు అది చాలదు. గాజు కాని మెగ్నీషియం మిశ్రమం స్క్రూలకు 2013లో యూరప్‌లో అనుమతి వచ్చింది గానీ, ఈ గాజు రకం ప్లేట్లు ఆసుపత్రుల్లో మామూలు వాడకంలోకి రాలేదు. కాబట్టి కరిగే రాడ్డు వచ్చేదాకా ఆగుదామని నాటు కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్ళిపోకండి. ఇప్పుడు ఎక్కువగా వేసేవి స్టీలు, టైటానియం. పెద్దవాళ్ళలో ఇబ్బంది లేకపోతే చాలావాటిని లోపలే ఉంచేస్తారు, ఎదిగే పిల్లల్లో తరచు తీస్తారు. మీవాళ్ళ సంగతి డాక్టరు గారినే అడగండి. ఏ లోహం వేశారో డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని దాచండి. రేపు ఎమ్మారై తీయించాల్సి వస్తే అక్కడ ముందు అడిగేవాటిలో అదొకటి.