అమ్మ పళ్ళెంలో ఏముంది?

(మహానంది చదువు కేంద్రంలో ఒక సాయంత్రం చెప్పిన మాటలు)



పొద్దంతా అరటి తోటల్లో, చేలల్లో పని చేసి వచ్చినారు. ఇంటికి పోయి పొయ్యి వెలిగించాల. అయినా పలక పట్టుకొని ఇక్కడ కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ రోజు కొత్త అక్షరాలు లేవు. ఒక లెక్క ఉంది. మీకు కూడిక వచ్చు గదా! ఆ కూడికతోనే మన తిండి లెక్క వేద్దాం.

ముందు ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు తింటారు?

నవ్వుతున్నారు. జవాబు అందరికీ తెలుసు. ముందు మీ ఆయనకు పెడతారు. పిల్లలకు పెడతారు. అత్తమామలకు పెడతారు. కుండలో మిగిలింది మీరు తింటారు. అప్పటికి కూర అయిపోయి ఉంటుంది. పచ్చడి మెతుకులు తిని, నీళ్ళు తాగి పడుకుంటారు.

మా అమ్మ కూడా అంతే. "నాకు ఆకలి లేదులే, మీరు తినండి" అంటుంది. ఆ మాట నిజం కాదని నాకు పెద్దయినాక గాని తెలియలేదు.

కేలరీ అంటే ఏమిటి?

బియ్యాన్ని కిలోల్లో కొలుస్తాం. పాలను లీటర్లలో కొలుస్తాం. గుడ్డను మీటర్లలో కొలుస్తాం. అట్లనే తిండిలో ఉండే శక్తిని కేలరీల్లో కొలుస్తారు.

పొయ్యికి కట్టెలు ఎట్లనో ఒంటికి తిండి అట్ల. నడిచినా, వంగినా, బరువు మోసినా శక్తి ఖర్చవుతుంది. నిద్రపోతున్నా గుండె కొట్టుకుంటుంది. ఊపిరి ఆడుతుంది. దానికీ శక్తి కావాల. ఆ శక్తి తిండి నుండే వస్తుంది.

ఎవరికి ఎంత కావాల? దీన్ని లెక్కగట్టే సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. 1918లో తమిళనాడు వైపు కూనూరులో చిన్నగా మొదలయింది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఎవరికి ఎంత తిండి కావాలో చెప్పే కొత్త లెక్కలు 2020లో వచ్చినాయి. ఆ లెక్కలు చెబుతాను, పలక మీద రాసుకోండి.

కూర్చొని పని చేసే ఆడమనిషికి రోజుకు 1,660 కేలరీలు.
కూలి పని చేసే ఆడమనిషికి 2,130 కేలరీలు.
బరువులు మోసే గట్టి పని అయితే 2,720 కేలరీలు.

చూసినారా? గుడి దగ్గర అంగట్లో కూర్చొనే అక్కకు ఒక కొలత. కలుపు తీసే అక్కకు ఒక కొలత. అరటి గెలలు మోసే అక్కకు ఒక కొలత. ఇంట్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని కడుపు చూడదు. చేసే పనిని బట్టి, వయసును బట్టి ఒంటికి తిండి కావాల.

ధాత కరువు నాటి మాట

ఈ కొలత గురించి మన సీమలో ఒకప్పుడు పెద్ద వాదనే జరిగింది. అది 1876, 1877 నాటి మాట. ధాత కరువు అని అవ్వలు చెప్పే కరువు అదే. అప్పుడు మన కర్నూలు మద్రాసు రాజధానిలో ఉండేది. వానలు లేవు. పంటలు లేవు. కర్నూలు, కడప, బళ్ళారి వైపు జనం తిండి లేక చచ్చిపోయినారు. తెల్లవాళ్ళ సర్కారు కరువు పనులు పెట్టింది. ఆడా మగా రోడ్లు వేసినారు, మట్టి మోసినారు.

ఆ కూలీలకు ఎంత తిండి ఇయ్యాల? సర్ రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారి వచ్చి కొలత తగ్గించినాడు. మగ కూలికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా డబ్బు చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ.

కార్నిష్ అనే డాక్టరు ఇది తప్పన్నాడు. ఆయన మద్రాసు సర్కారులో ఆరోగ్యం చూసే పెద్ద డాక్టరు. ఇంత తిండితో పని చేస్తే మనిషి బతకడన్నాడు. గింజలే ఒకటిన్నర పౌను ఇయ్యాలన్నాడు. అంటే సుమారు 680 గ్రాములు. పప్పు, కూరగాయలు కూడా కావాలన్నాడు. వాదన జరిగినాక సర్కారు గింజలు కొంత పెంచింది, పప్పు చేర్చింది. అప్పటికే చాలా ప్రాణాలు పోయినాయి.

450 గ్రాముల గింజల్లో సుమారు 1,550 కేలరీలు ఉంటాయి. గట్టి పని చేసే మగమనిషికి కావలసింది 3,470. అంటే సగం కూడా లేదు. డాక్టరు చెప్పిందే నిజం.

అక్కా, ఆనాడు మన కొలత వేసింది తెల్లవాళ్ళు. ఈనాడు గరిటె మన చేతిలో ఉంది. మరి మన చేతితో మనమే మనకు తక్కువ కొలత వేసుకుంటే ఎట్ల?

ఒక అక్క రోజు లెక్క

పోయిన వారం ఒక అక్కను అడిగి, ఒక రోజు తిండిని బోర్డు మీద రాసినాం. ఆమె కూలికి పోతుంది. లెక్క ఇట్ల వచ్చింది.

పొద్దున, సాయంత్రం చక్కెర వేసిన టీ: 100.
మధ్యాహ్నం మూడు జొన్నరొట్టెలు: 510.
రొట్టెల్లోకి ఊరిబిండి: 90.
రాత్రి అన్నం: 350.
అన్నంలోకి పలుచని చారు: 50.

మొత్తం 1,100 కేలరీలు. ఆమెకు కావలసింది 2,130. ఇంకా 1,030 తక్కువ. అంటే సుమారు సగం తిండితో ఆమె రోజంతా వంగి పని చేసింది. ఆమెకు నడుము నొప్పి, కళ్ళు తిరగడం. సూదులకు, మందులకు ఖర్చు పెడుతున్నది. కళ్ళు తిరిగితే డాక్టరుకు చూపించాల్సిందే. కాని కడుపుకు తక్కువయింది సూదితో నిండదు.

ఇప్పుడు కలుపుదాం. ఖరీదైనవి వద్దు. మన ఊర్లో దొరికేవే కలుపుదాం.

పొద్దున రెండు జొన్నరొట్టెలు, లేకుంటే ఒక రాగి సంగటి ముద్ద: 340.
ఒక గిన్నె గట్టి పప్పు: 100.
ఒక పిడికెడు బుడ్డల విత్తనాలు, చిన్న బెల్లం ముక్క: 240.
ఒక అరటిపండు: 100.
ఒక గుడ్డు: 75.
కూరలో తన పాలుకు వచ్చే రెండు చెంచాల నూనె: 90.

ఇవి 945. ముందరి 1,100తో కలిపితే 2,045. ఇంకా 85 తక్కువ. ఇంకో సగం రొట్టె తింటే సరిపోతుంది! 2,130 నిండింది.

ఇందులో అంగడి నుండి కొనే టానిక్కు ఒక్కటి కూడా లేదు. ఇవి సుమారు లెక్కలే. రొట్టె పెద్దదయితే కేలరీలు ఎక్కువ, చిన్నదయితే తక్కువ. కాని లెక్క వేసే తీరు మీకు అర్థమయింది.

కడుపుతో ఉన్నప్పుడు

మా పెద్దమ్మ కూతురు సంగతి చెబుతాను. ఆమెకు తొలి కాన్పు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదయి కాన్పు కష్టమవుతుందని ఎవరో చెప్పినారు. ఆమె ఒక పూట తినడం మానుకొనింది. ఇచ్చిన రక్తం బిళ్ళలు నల్లగా విరేచనం అవుతుందని పక్కన పెట్టింది. కాన్పుకు పోయేటప్పటికి రక్తం 6 గ్రాములు ఉంది. కడుపుతో ఉన్నప్పుడు 11 గ్రాములు ఉండాల. రాత్రికి రాత్రి రక్తం కోసం మా అన్నలు తిరిగినారు. తల్లి బతికింది. బిడ్డ బతికింది. కాని బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తగ్గకూడదు.

కాబట్టి కడుపుతో ఉన్న తల్లి రోజుకు 350 కేలరీలు ఎక్కువ తినాల. రెండు రొట్టెలు ఎక్కువ తింటే సరి. ఒక్కసారి తినలేకుంటే నాలుగైదు సార్లు కొంచెం కొంచెం తినాల. నాలుగో నెల నుండి రోజుకు ఒక ఇనుము బిళ్ళ, 180 రోజులు వేసుకోవాల. విరేచనం నల్లగా అయితే భయం లేదు. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, గుడ్డు, పప్పు ఆ తల్లివి. వాటిని ఇంటిల్లిపాదికీ పంచితే ఆమెకు ఏమి మిగులుతుంది?

బాలింతకు

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 కేలరీలు ఎక్కువ కావాల. తర్వాత ఆరు నెలలు 520 ఎక్కువ కావాల. మనం ఏమి చేస్తాం? పథ్యం అని కారప్పొడి మెతుకులు పెడతాం. నీళ్ళు కూడా కొలిచి ఇస్తాం. పసిబిడ్డ ఆమె ఒంటిలో నుండి పాలు తీసుకుంటుంది. తల్లికి తిండి లేకుంటే ఆమె ఒళ్ళే కరిగిపోతుంది. అవ్వలారా, మీ మాట ఇంట్లో చెల్లుతుంది. కోడలికి పప్పు, ఆకుకూర, పాలు, గుడ్డు పెట్టించండి. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగనీయండి.

బిడ్డలకు

బిడ్డ పుట్టిన గంట లోపల ముర్రుపాలు తాగించండి. పిండి పారేయొద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు. నీళ్ళు కూడా వద్దు. ఆరు నెలలు నిండినాక మెత్తని పప్పన్నం, రాగి జావ, నలిపిన అరటిపండు పెట్టండి. బిడ్డ కడుపు చిన్నది. అందుకే కొంచెం కొంచెం, చాలాసార్లు పెట్టాల. అన్నంలో ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని వేయాల. రెండేళ్ళ దాకా తల్లిపాలు కూడా ఇయ్యాల.

నాలుగు నుండి ఆరేళ్ళ పిల్లలకు రోజుకు 1,360 కేలరీలు కావాల. చిన్న పిల్ల గదా అని చిన్న ముద్దతో సరిపెట్టొద్దు.

ఇప్పుడు ఒక లెక్క వినండి. 13 నుండి 15 ఏళ్ళ ఆడపిల్లకు 2,400 కేలరీలు కావాల. అంటే కూలికి పోయే తల్లికంటే కూడా ఎక్కువ! ఎందుకంటే ఆ వయసులో ఎముక పెరుగుతుంది, ఎత్తు పెరుగుతుంది, బయట చేరుతుంది. కాని గుడ్డు ఒక్కటే ఉంటే ఎవరికి పెడతాం? కొడుకు పళ్ళెంలో వేస్తాం. కొడుక్కు పెట్టొద్దని చెప్పడం లేదు. ఒకే గుడ్డు ఉంటే సగం సగం చేయండి. రేపు తల్లి కాబోయేది ఆ పిల్లే.

రక్తం తక్కువ

2019 నుండి 2021 వరకు దేశమంతా ఒక పెద్ద ఆరోగ్య సర్వే జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో, వందకు సుమారు 59 మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. ఈ గదిలో పది మంది కూర్చుంటే దాదాపు ఆరుమంది అన్నట్టు.

కడుపు నిండితే చాలదు, రక్తం పట్టే తిండి కావాల. తోటకూర, పుంటికూర, మునగాకు, నువ్వులు, కొర్రలు, అలసందలు, ఉలవలు తినండి. మాంసం తినేవాళ్ళు కార్జం తినండి. అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. నిమ్మపులుపు ఉంటే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తింటూ గాని, తిన్న వెంటనే గాని టీ తాగొద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు. కనీసం ఒక గంట ఆగండి.

పెద్ద వయసులో

అవ్వలకు పని తగ్గుతుంది. కాబట్టి కేలరీలు కొంత తక్కువయినా చాలు. కాని పప్పు, పాలు, ఆకుకూర తగ్గకూడదు. పళ్ళు లేవని చారన్నంతో సరిపెట్టొద్దు. మెత్తని సంగటి, మెదిపిన పప్పు, మజ్జిగ పెట్టండి.

ఇంకో మాట. తక్కువ తింటే ఒక తిప్పలు, ఎక్కువ తింటే ఇంకో తిప్పలు. ఇప్పుడు పల్లెల్లో కూడా చక్కెర రోగం, బీపీ చూస్తున్నాం. పని తగ్గినా మూడు పూటలా అదే తెల్లన్నం కుప్ప తింటే ఒళ్ళు పెరుగుతుంది. కూర్చొని పని చేసేవాళ్ళు అన్నం, నూనె, చక్కెర తగ్గించి కూర, పప్పు పెంచాల. ఉప్పు ఎవరికయినా రోజుకు ఒక చిన్న చెంచా దాటకూడదు. ఊరగాయలో ఉండేదీ ఆ లెక్కలోకే వస్తుంది. మన జొన్న, కొర్ర, రాగి పేదల తిండి అని చిన్నచూపు చూసినాం. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకొనింది. మన అవ్వల తిండికి ఇప్పుడు లోకమంతా విలువ ఇస్తున్నది.

చివరి మాట

మన మహానంది కోనేరు మీరు రోజూ చూస్తారు. కింద ఊట ఉంది. ఏడాది పొడుగునా నీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళే బయటికి పారి పొలాలు తడుపుతాయి. ఊట ఎండితే తోట పచ్చగా ఉంటుందా? ఇంటికి ఊట అమ్మ. ఆమె బాగుంటేనే ఇల్లు బాగుంటుంది. ఇల్లు అట్ల ఉంచండి, ఆమె కూడా ఒక మనిషే. ఆమెకూ ఆకలి అవుతుంది.

ఈ రాత్రి నుండి ఒక పని చేయండి. వడ్డించే ముందే మీ పాలు ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టుకోండి. కూర కూడా తీసుకోండి. వీలయితే అందరూ ఒకేసారి కూర్చొని తినండి. ఎవరయినా అడిగితే "లెక్క నేర్చుకొన్నాను, నా లెక్క ఇది" అని చెప్పండి. కోపంగా వద్దు, నవ్వుతూ చెప్పండి.

రేపు వచ్చేటప్పుడు ఈ మూడు పలక మీద రాసుకొని రండి.

1. ఈ రోజు నేను ఏమేమి తిన్నాను?
2. మా ఇంట్లో చివర ఎవరు తిన్నారు?
3. రేపు నా పళ్ళెంలో ఏమి కలుపుకుంటాను?

రేపు అందరం కలిసి కూడిక చేద్దాం. ఇప్పుడు ఇంటికి పోయి కడుపు నిండా తినండి.