పడవ షికారుకు వెళ్లే ముందు
(రోగుల బంధువులకు చేసిన ప్రసంగ పాఠం)



సెలవు రోజున నలుగురూ కలిసి పడవ మాట్లాడుకుని, క్యారేజీలు సర్దుకుని, గాలాలు వేసి చేపలు పడుతూ గడపడం మంచి సరదా. వెళ్లవద్దని నేను చెప్పను. రోజుల తరబడి రోగి మంచం పక్కన కూర్చునే మీకు ఆ గాలి మార్పు అవసరం కూడా. అయితే వెళ్లినవారందరూ తిరిగి ఇల్లు చేరాలి.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణా నదిలో పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు.

లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. మునిగేటప్పుడు వెతికి తొడుక్కునే వ్యవధి ఉండదు. ఉక్కపోస్తోందని, భోజనానికి అడ్డమని విప్పకండి. ఈత వచ్చినవారూ వేసుకోవాలి. పిల్లలకు వారి కొలతకు సరిపోయేదే వేయాలి. చేప పడగానే చూడాలని అందరూ ఒకే పక్కకు చేరితే పడవ ఒరిగిపోతుంది. ఎవరి చోట వారు కూర్చోవాలి. మద్యం తాగినవారిని ఎక్కించుకోకండి. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి బయలుదేరాలి. మందులు వెంట ఉంచుకోవాలి. గాలపు ముల్లు లోతుగా గుచ్చుకుంటే లాగకుండా ఆసుపత్రికి రండి.

ఎవరైనా నీళ్లలో పడితే వెంటనే దూకకండి. మునిగేవారు కాపాడబోయినవారిని గట్టిగా పట్టుకుని ముంచేస్తారు. తాడు గాని, వెదురు గడ గాని అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరినా పట్టుకుని తేలుతారు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. బయటకు తీసినవారి కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టి తిప్పడం మన ఊళ్లలో చూస్తుంటాం. దయచేసి అలా చేయకండి. కడుపులోనివి పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి అందక కొన్ని నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతింటుంది. అప్పుడు కావలసింది నీళ్లు తీయడం కాదు, గాలి అందించడం.

పిలిచినా పలకక, ఊపిరి తీయకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు ఆ వ్యక్తిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. తల కాస్త వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఛాతీ లేచేలా 2 సార్లు గాలి ఊదాలి. తరువాత ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, పెద్దవారికైతే సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు వేగంగా నొక్కాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు పడే వేగం ఉండాలి. మళ్లీ 2 ఊపిరులు, మళ్లీ 30 నొక్కులు. ఊపిరి తిరిగి వచ్చేవరకు గాని, సహాయం అందేవరకు గాని ఆపకూడదు.

తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు.

ఇది వింటే వచ్చే విద్య కాదు. మీ వార్డు సిస్టరును అడిగి, చేతులు ఎక్కడ పెట్టాలో చూపించుకుని నేర్చుకోండి. ఇంటికి వెళ్లాక మరో ఇద్దరికి నేర్పండి.