ఇంగ్లీషు భాషలో రేపటి మాట



మన పల్లెలలో నేడు హైదరాబాదు చేరి మాదాపురము వైపున ఉద్యోగము చేయు పిల్లలు లేని వీధి అరుదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచట సైబర్ టవర్స్ అను గుండ్రని మేడను ప్రారంభించిరి. అది మొదలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములు సాఫ్ట్‌వేర్ కార్యాలయములతో నిండిపోయినవి. అచటి పని యంత్రములతోనే కాక మాటలతో గూడ నడచును. దూరదేశపు క్లయింట్లకు మన పిల్లలు వ్రాయు ఉత్తరములు చాలవఱకు వాగ్దానములే: ఇది చేసెదము, అది పంపెదము, ఫలాని దినమునకు ముగించెదము. అట్టి వాగ్దానము ఇంగ్లీషున నెట్లు కట్టబడునో, అందు సర్వనామములకును, మన విభక్తులవంటి చిన్న మాటలకును గల పని యేమో నేడు మనవి చేసెదను. వ్యాకరణమన్నంతనే బెదరవలదు. బాలవ్యాకరణము కొంచెమైన చదివిన వారికి ఇందు క్రొత్తదనము తక్కువ.

"పంపెదను" అను మాటను జూడుడు. పని, కాలము, కర్త మూడును ఒక్క మాటలో నిమిడియున్నవి. చివరి "ను" వినబడగనే చేయువాడు నేనని తెలియును; "నేను" అని వేఱుగా ననకున్నను లోటు లేదు. ఇంగ్లీషు ఈ మూటిని మూడు మాటలుగా విడదీయును: ఐ, విల్, సెండ్. ఐ యనగా నేను. విల్ రాబోవు కాలమును దెలుపును. సెండ్ యనగా పంపుట. క్రియకు తోక లేదు గనుక కర్తను ముందుగా జెప్పి తీరవలెను. కర్త యెవరైనను విల్ మాఱదు, దాని వెనుకటి క్రియయు మాఱదు: హి విల్ సెండ్, షి విల్ సెండ్, దే విల్ సెండ్. "హి సెండ్స్" అని నేర్చిన పిల్లవాడు "హి విల్ సెండ్స్" అనుట తఱచుగా వినుచున్నాము. విల్ ఉన్నచోట ఆ చివరి సకారమునకు తావు లేదు.

మఱియొక చిక్కు మన భాష గొప్పతనము వలననే వచ్చినది. చిన్నయసూరి తద్ధర్మార్థకమని యొక రూపమును జెప్పెను. "వాడు ఆఱు గంటలకు లేచును" అనగా నిత్యము లేచుట యైనను గావచ్చును, రేపు లేచుట యైనను గావచ్చును. ఇంటి మాటలో "లేస్తాడు" అనుటయు నిట్టిదే. ఇంగ్లీషున ఈ రెండును వేఱు. నిత్యమైనచో హి గెట్స్ అప్. రేపటి దైనచో హి విల్ గెట్ అప్. మన అబ్బాయి "ఐ విల్ గో టు ఆఫీస్ డైలీ" అనినచో, వినువాడు ఇన్నాళ్లు వీడు ఆఫీసునకు పోలేదు కాబోలు, ఇకమీదట పోవ నిశ్చయించుకొన్నాడని తలంపగలడు.

ఇక విభక్తులు. మనము నాతో, నాకు, నాకొఱకు అని పేరునకు వెనుక జేర్చుదుము. వారు విత్ మి, టు మి, ఫర్ మి అని ముందుంచుదురు. "నేనుతో" అని పసిబిడ్డయు ననదు; నేను అనునది నా యగును. అట్లే విత్ తరువాత ఐ నిలువదు, మి యగును. హి హిమ్ అగును, షి హర్ అగును, వి అస్ అగును, దే దెమ్ అగును. ఇంగ్లీషువారిలోనే కొందఱు "బిట్వీన్ యు అండ్ ఐ" అని జాఱుచుందురు గనుక మన పిల్లలను మిక్కిలి కోపింప బనిలేదు. కాని "నీకు చెప్పెదను" అనుదానిలోని "కు"ను మాటకు మాటగా దింపి "ఐ విల్ టెల్ టు యు" అనుట తప్పు. టెల్ అను క్రియ ఆ విభక్తి నోర్వదు. ఐ విల్ టెల్ యు అనవలెను. వెయిట్ అను క్రియ ఫర్ లేక నిలువదు: ఐ విల్ వెయిట్ ఫర్ యు. ఏ క్రియ దేనిని గోరునో దానితోనే కలిపి నేర్వవలెను. విడిగా నేర్చిన లాభము లేదు.

అసలు కష్టము ఇకమీదనే యున్నది. లుక్ అనగా చూచుట. లుక్ ఆఫ్టర్ అనిన సంరక్షించుట. లుక్ ఫర్ అనిన వెదకుట. లుక్ ఇంటు అనిన విచారించి చూచుట. మనము చూచు, చూచుకొను అని క్రియ చివరను మార్చి యర్థమును మార్చినట్లు వారు ప్రక్కనున్న చిన్నమాటను మార్చుదురు. క్లయింటు ఒక లోపమును జూపినపుడు "ఐ విల్ లుక్ ఇంటు ఇట్" అనినచో పరిశీలించెదనని మాత్రమే మాట యిచ్చినట్లు. బాగుచేసెదనని కాదు. ఈ భేద మెఱుగని యువకుడు తాను తేలికగా నన్న మాటకు పెద్ద బాధ్యతను దలకెత్తుకొనుటయు గలదు, ఎదుటివాడు దాటవేయుచుండగా పని యైపోవునని నమ్ముటయు గలదు.

సర్వనామము నిలుచు చోటును గమనింపుడు. 2019లో హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చినది. ఆ స్టేషనునకు వచ్చి బండి నెక్కించుకొని పోయెదనని చెప్పుటకు "ఐ విల్ పిక్ యు అప్" అందురు. యు అనునది నడుమ నుండవలెను. "పిక్ అప్ యు" అనరాదు. అయినను "లుక్ ఆఫ్టర్ యు" అనుచోట యు చివరనే యుండును. ఏలయన అచట ఆఫ్టర్ సర్వనామమును పట్టిన విభక్తి. ఇచట అప్ క్రియకు జేరిన తోక. అమీర్‌పేటలోని తరగతులలో ఈ జంటలను పట్టికలుగా వల్లింపజేయుదురు. కారణము చెప్పక వల్లించినది పది దినములకు మఱపునకు వచ్చునని నా యభిప్రాయము. ఇంగ్లీషు బోధకులకు శిక్షణ యిచ్చుటకై 1958లో ఈ హైదరాబాదుననే కేంద్రసంస్థ యొకటి వెలసినది. అదియే నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము. అట్టి విద్య మన గ్రామ పాఠశాలలకు ఇంకను ఎక్కువగా రావలసియున్నది.

గడువు చెప్పు మాటలలో రెండు మిక్కిలి ముఖ్యము: బై, టిల్. "ఐ విల్ ఫినిష్ ఇట్ బై ఫ్రైడే" యనిన శుక్రవారము దాటకుండ ముగించెదనని. "ఐ విల్ వర్క్ టిల్ ఫ్రైడే" యనిన శుక్రవారము వఱకు పనిచేయుచునే యుందునని. ఒకటి గడువు, ఒకటి కొనసాగు పని. "శుక్రవారము వఱకు ఇచ్చెద" నని మనలో గొందఱు రెంటికిని వఱకు అనియే వాడుదురు గనుక పిల్లలు తడబడుదురు. పైగా ఎవరి శుక్రవారము? న్యూయార్కునందు చలికాలమున శుక్రవారము సాయంకాలము 6 గంట లగునప్పటికి మనకు శనివారము తెల్లవారుజామున 4-30 అగును. మంచి ఉత్తరమున ఊరి పేరును గూడ వ్రాయుదురు.

వి అను మాట మనవారికి మోసకరము. తెలుగున మేము వేఱు, మనము వేఱు. ఇంగ్లీషున రెంటికిని వి యే. "వి విల్ పే ఫర్ ఇట్" అని క్లయింటు వ్రాసినచో తామే చెల్లించెద మనుటయా, మన మిరువురము చెల్లింత మనుటయా? అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడరాదు.

తుదకు మీ చేతికే రాదగిన కాగితము, నియామక పత్రము. "యు విల్ బి ఆన్ ప్రొబేషన్ ఫర్ సిక్స్ మంత్స్" అని యుండవచ్చును. ఇచట ఫర్ ఆఱు మాసముల పొడుగును దెలుపును. "యు విల్ రిపోర్ట్ టు ది మేనేజర్" అనిన నీవు మేనేజరు క్రింద పనిచేయుదువని; రూపము భవిష్యత్తు, భావము ఆజ్ఞ. పాతబడులలో ఐ షల్, యు విల్ అని నేర్చినవారు మీలో నుందురు; నేడు మాటలలో అంతటను విల్ వ్యాపించినది గాని ఒప్పందములలో తప్పనిసరి యను నర్థమున షల్ ఇంకను నిలిచియున్నది. "మే" అనిన చేయవచ్చును, చేయకపోవచ్చును. "వి విల్ కన్‌ఫర్మ్ యు" అని వ్రాసి, దాని వెనుక "సబ్జెక్ట్ టు" అని యున్నచో ఆ తరువాతి షరతునకు లోబడియే ఖాయము చేసెదమని యర్థము. పెండ్లి సంబంధములు మాటలాడునపుడు ఈ పత్రమును దెచ్చువారు తఱచుగా జీతపు అంకెను మాత్రమే చూపుదురు. సబ్జెక్ట్ టు అను మాట క్రింది పుటలలో నెచటనో యుండును.