ఆకాశంలో పెట్రోల్ అయిపోతే ఎవర్ని పిలవాలి? ఫ్యూయల్ ర్యాట్స్ కథ

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఆన్‌లైన్ గేమ్‌లో మైక్ ఆన్ చేస్తే బూతులు తప్ప ఇంకేం వినపడవు, ఇందులో ఎంజాయ్ చేయడానికి ఏముంది?" అని. కరెక్టే. రాత్రి పదకొండింటికి తెలియని ముగ్గురితో స్క్వాడ్ కడితే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. కానీ ముక్కూమొహం తెలియని వాడి కోసం గంటలకి గంటలు ప్రయాణం చేసి, పైసా తీసుకోకుండా ఇంధనం పోసి వెళ్లిపోయే బ్యాచ్ ఒకటి ఉంది. పేరు ఫ్యూయల్ ర్యాట్స్. ఇంధనం ఎలుకలు అన్నమాట. ఈరోజు వాళ్ల గురించే.

గేమ్ పేరు ఎలైట్ డేంజరస్. ఇంగ్లండ్‌లోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ అనే కంపెనీ 2014 డిసెంబర్‌లో రిలీజ్ చేసింది. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ స్టూడెంట్స్ చేసిన 'ఎలైట్' గేమ్‌కి ఇది వారసుడు. ముందే చెప్తున్నా, ఇది ఫోన్‌లో నడవదు. అయినా పర్లేదు, ఈ కథ వినడానికి గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు.

ఇందులో మన పాలపుంత మొత్తాన్ని అసలు సైజులో పెట్టేశారు. 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలు! లక్షలమంది ఇన్నేళ్లు తిరిగినా అందులో ఒక్క శాతం కూడా చూడలేదు. అంటే మీరు ఊరు దాటి కొంచెం లోపలికి వెళ్తే, చుట్టూ వేల కాంతి సంవత్సరాల దాకా ఇంకో మనిషి ఉండడు. చీకటి, నక్షత్రాలు, మీ ఇంజిన్ సౌండ్. అంతే. కొంతమందికి ఇది బోర్. నాకైతే ఆఫీసు మీటింగ్స్ అన్నీ అయ్యాక దొరికిన ప్రశాంతతలా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రాబ్లమ్. ఓడకి ఇంధనం కావాలి. నక్షత్రం పక్క నుంచి వెళ్తూ దాని హైడ్రోజన్‌ని పీల్చుకోవచ్చు, దానికి ఫ్యూయల్ స్కూప్ అనే పార్ట్ కొని పెట్టుకోవాలి. గేమ్ మొదట్లో ఇచ్చే చిన్న ఓడలో అది ఉండదు. పైగా అన్ని నక్షత్రాలూ పనికిరావు. కె, జి, బి, ఎఫ్, ఓ, ఎ, ఎమ్ రకాలు మాత్రమే. న్యూట్రాన్ స్టార్, వైట్ డ్వార్ఫ్, బ్రౌన్ డ్వార్ఫ్ దగ్గర చుక్క ఇంధనం రాదు. కొత్తోళ్లకి ఈ సంగతి తెలిసేసరికి ట్యాంక్ ఖాళీ.

అయితే ఏమైంది, చచ్చి మళ్లీ పుడదాం అంటారా? అక్కడే మెలిక ఉంది. ఓడ పేలిపోతే కట్టాల్సిన ఇన్సూరెన్స్ సంగతి పక్కన పెట్టండి. దారిలో మీరు స్కాన్ చేసుకున్న నక్షత్రాల డేటా, స్టేషన్‌కి తెచ్చి అమ్మేవరకు మీ ఓడలోనే ఉంటుంది. ఎవరూ చూడని నక్షత్రాన్ని మొదట మీరు కనిపెట్టి ఆ డేటా అమ్మితే, దాని మీద మీ పేరు పడుతుంది. గేమ్ ఆడే ప్రతివాడికీ కనిపించేలా. ఓడ పోతే అదంతా పోతుంది. మూడు నెలలు రోజుకో గంట తిరిగిన మనిషి, మూడు నెలలూ పోగొట్టుకుంటాడు. సేవ్ ఫైల్ లేదు, అన్‌డూ లేదు.

2015లో కొంతమంది ఆటగాళ్లు దీనికో దారి కనిపెట్టారు. వేరే ఓడకి ఇంధనం పంపే చిన్న డ్రోన్లు గేమ్‌లో ఉన్నాయి, వాటిని లింపెట్స్ అంటారు. వాటిని నింపుకొని తయారుగా కూర్చుందాం, ఎవరు పిలిచినా వెళ్దాం అనుకున్నారు. అలా మొదలైంది. ఇప్పటికి లక్షకు పైగా రెస్క్యూలు చేశారు.

వాళ్ల పద్ధతి చూస్తే నాకు పాత ఉద్యోగంలో ఆన్‌కాల్ డ్యూటీ గుర్తొస్తుంది. మీరు వాళ్ల చాట్‌లోకి వెళ్లి సహాయం అడుగుతారు. డిస్పాచర్ వస్తాడు. అతను మొదట అడిగేది మీరెక్కడున్నారు అని కాదు. "స్క్రీన్ మీద ఆక్సిజన్ టైమర్ తిరుగుతోందా?" అని. ఎందుకంటే ఇంధనం పూర్తిగా అయిపోతే ఎమర్జెన్సీ ఆక్సిజన్ మొదలవుతుంది. మామూలు ఓడలో అది ఐదు నిమిషాలు. తిరుగుతోంది అంటే, "వెంటనే మెయిన్ మెనూకి వెళ్లిపోండి" అంటాడు. మీరు గేమ్‌లో లేకపోతే టైమర్ ఆగిపోతుంది కదా! ఇంకా కొంచెం ఇంధనం ఉంటే, లైఫ్ సపోర్ట్ తప్ప మిగతావన్నీ ఆఫ్ చేయిస్తాడు.

టైమర్ తిరుగుతున్న కేస్‌ని కోడ్ రెడ్ అంటారు. ఎలుకలు ముందే మీ దగ్గర్లో గుమిగూడతారు. ఫ్రెండ్ రిక్వెస్టులు అయిపోయుంటాయి. డిస్పాచర్ "గో" అనగానే మీరు లాగిన్ అవ్వాలి, టీమ్ ఇన్విటేషన్ ఒప్పుకోవాలి, బీకన్ వెలిగించాలి. అంటే మీరున్న చోటు వాళ్లకి కనపడేలా చేయాలి. చేతిలో ఉన్నది రెండు మూడు నిమిషాలే. ఎవరో ఒకరు మీ పక్కన ప్రత్యక్షమవుతారు, లింపెట్ వచ్చి ఓడకి అతుక్కుంటుంది, ఇంజిన్ మళ్లీ మొదలవుతుంది. నిజం చెప్తున్నా, ఆ వీడియోలు చూస్తుంటే ఆఖరి ఓవర్ చూసినట్టే ఉంటుంది.

గెలాక్సీ అవతలి అంచున బీగిల్ పాయింట్ అనే చోటుంది, సూర్యుడి నుంచి దాదాపు 65,000 కాంతి సంవత్సరాలు. ఒక్కో జంప్‌కి 50 చొప్పున లెక్కేసుకోండి, 1,300 జంపులు. జంప్‌కి నిమిషం అనుకున్నా 21 గంటలు దాటుతుంది. అలాంటి దూరాలకి ఎలుకలు రోజుల తరబడి ప్రయాణం చేసి వెళ్లిన రెస్క్యూలు కూడా ఉన్నాయి.

మన రోడ్డు మీద బండిలో పెట్రోల్ అయిపోయి తోసుకుంటూ వెళ్తుంటే, వెనక నుంచి ఎవరో తన బండి మీదే వచ్చి, మీ బండికి కాలు ఆనించి బంకు దాకా తోస్తాడు చూడండి. పేరు అడిగేలోపే వెళ్లిపోతాడు. అదే ఇది.

మరి వాళ్లకేం వస్తుంది? గేమ్ దీనికి ఒక్క క్రెడిట్ కూడా ఇవ్వదు. మిషన్ కాదు, లెవెల్ పెరగదు. నా అభిప్రాయం ఏంటంటే, అందుకే ఇది ఇన్నేళ్లు నిలబడింది. రివార్డ్ పెట్టుంటే వారంలో ఎవడో ఫేక్ కేసులు సృష్టించి పాయింట్లు పిండేసేవాడు, మన రిఫరల్ కోడ్ స్కీముల్లాగా. ఇంకోటి, వీళ్లని మరీ పుణ్యాత్ముల్లా చూడకండి. వాళ్లకిది మజా. సరిగ్గా లెక్కేసి నక్షత్రం పక్కన దిగడం, అందరికంటే ముందు చేరడం, అదే వాళ్ల ఆట.

అందరూ ఇలాగే ఉంటారా అంటే, అస్సలు కాదు. డెసియాట్ అనే సిస్టమ్‌లో ఓడ ఇంజిన్లు అప్‌గ్రేడ్ చేసే ఆవిడ ఉంటుంది. కొత్తోళ్లంతా అక్కడికి వెళ్తారని తెలిసి, పెద్ద ఓడలేసుకొని కాపు కాసి కాల్చేసే బ్యాచ్ కూడా ఉంది. అందుకే చాలామంది సోలో మోడ్‌లోనో, ప్రైవేట్ గ్రూప్‌లోనో ఆడుకుంటారు. ఇప్పుడు ఆలోచించండి. అలాంటి చోట, కదల్లేని ఓడలో కూర్చొని, తెలియని వాళ్ల ఫ్రెండ్ రిక్వెస్ట్ ఒప్పుకొని, నేనిక్కడున్నాను అని దీపం వెలిగించడం అంటే ఎంత నమ్మకం ఉండాలి? ఎలుకలు ఇన్నేళ్లలో సంపాదించింది అదే. ఒక్కడు మోసం చేసినా అది పోతుంది, ఆ సంగతి వాళ్లకి బాగా తెలుసు.

సీరియస్ అయిపోతోంది, ఒక సరదా సంగతి చెప్తా. ఆల్ఫా సెంటారీలో హటన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది. "అక్కడికెళ్తే అనకొండ ఓడ ఫ్రీ" అని పాత ఆటగాళ్లు కొత్తోళ్లకి చెప్తారు. సిస్టమ్‌లోకి దిగాక స్టేషన్ ఇంకా 0.22 కాంతి సంవత్సరాల దూరం. నేరుగా ముక్కు పెట్టి కూర్చోవాలి, గంటకి పైనే. తీరా వెళ్తే అనకొండ లేదు, ఏమీ లేదు, మగ్గులు అమ్ముతారు. 2024లో కొత్త డ్రైవ్ వచ్చాక ఈ దూరం కాస్త త్వరగా దాటొచ్చు గానీ, జోక్ మాత్రం తగ్గలేదు. ఆ బోర్ కొట్టే దారి మీద ఆటగాళ్లు హటన్ ట్రక్కర్స్ అని గ్రూపు పెట్టుకున్నారు, సొంత రేడియో కూడా నడిపారు. నేనైతే తెలిసే వెళ్లా, మగ్గు కోసం.

2019 జనవరిలో డిస్టెంట్ వరల్డ్స్ 2 అని 13,000 మందికి పైగా పేర్లిచ్చి, ఇందాక చెప్పిన బీగిల్ పాయింట్‌కి కలిసి బయల్దేరారు. కంపెనీ ప్లాన్ కాదు, ఆటగాళ్లదే. నెలల ప్రయాణం. ఆ గుంపుకి తోడుగా ఎలుకలూ వెళ్లారు.

ఆడాలనుకునేవాళ్లకి ఒక్క మాట. డిస్పాచింగ్ చేసేవాళ్లు ఆ టైమ్‌లో గేమ్ ఆన్ చేసి ఉండక్కర్లేదు, చాట్‌లో ఉంటే చాలు. కంగారులో ఉన్న మనిషికి ఒక్కో స్టెప్ ఓపిగ్గా చెప్పడం వస్తే సగం ట్రైనింగ్ అయిపోయినట్టే. ఓడ నడుపుతాం అంటారా, మొదటి సంపాదనతో ఫ్యూయల్ స్కూప్ కొనండి. లేజర్ గన్ తర్వాత.

ఇంకా, చాట్‌లో ఎవరైనా ఓ7 అని టైప్ చేస్తే కంగారుపడకండి. ఇంగ్లీష్‌లో ఓ అంటే తల, 7 అంటే నుదుటి మీద పెట్టిన చెయ్యి. సెల్యూట్ అన్నమాట. తిరిగి అదే కొట్టండి.

వచ్చే వారం కలుద్దాం. ఓ7.