టెర్మినల్లో పీహెచ్‌పీ మార్చే ముందు

ఈ పూట మాటలు చిన్న సర్వర్లు చూసుకునేవాళ్ల కోసం. ఒక ఉబుంటు మెషీన్ మీద కంపెనీ వెబ్‌సైటో, బిల్లింగ్ సాఫ్ట్‌వేరో నడుపుతూ, అన్నిటికీ తామే దిక్కయినవాళ్లకి.

తరచూ వినిపించే గోడు ఇది: "సార్, సైటు పీహెచ్‌పీ 8.1 మీదే నడుస్తోంది. కంపోజర్ మాత్రం 7.4 ఉందంటూ మొండికేస్తోంది." రెండూ నిజమే. ఆ మెషీన్లో పీహెచ్‌పీ ఒకటి కాదు. బ్రౌజరుకి జవాబిచ్చేది ఎఫ్‌పీఎమ్ అనే సర్వీసు. టెర్మినల్లో పిలిస్తే పలికేది కమాండ్ లైన్ పీహెచ్‌పీ. దీన్ని మారిస్తే అది మారదు, అది మారిస్తే ఇది మారదు. టెర్మినల్లో పీహెచ్‌పీ డాష్ వి అని కొట్టి చూడండి. మొదటి వరుసలో వెర్షన్ నంబరు పక్కనే బ్రాకెట్లో సీఎల్ఐ అని కనిపిస్తుంది. ఎవరూ పట్టించుకోరు గానీ, సంగతంతా ఆ మూడక్షరాల్లోనే ఉంది.

ఉబుంటు 20.04 తో 7.4 వస్తుంది, 22.04 తో 8.1, 24.04 తో 8.3. ఒకే మెషీన్లో రెండు మూడు కావాలంటే చాలామంది ఒండ్రేజ్ సురీ నడిపే రిపాజిటరీ నుంచి దింపుకుంటారు. తంటా మొదలయ్యేది అప్పుడే: టెర్మినల్లో పిలిస్తే వాటిలో ఏది పలకాలి?

యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న పీహెచ్‌పీ అసలు ప్రోగ్రామ్ కాదు, ఉత్త లింకు. అది ఈటీసీ ఆల్టర్నేటివ్స్‌లోని ఇంకో లింకుని చూపిస్తుంది, ఆ లింకు అసలు వెర్షన్ని చూపిస్తుంది. ఈ రెండో లింకుని తిప్పే కమాండు రాసుకోండి: సుడో, అప్‌డేట్ డాష్ ఆల్టర్నేటివ్స్, డాష్ డాష్ కాన్ఫిగ్, పీహెచ్‌పీ. పట్టిక వస్తుంది, కావాల్సిన వరుస అంకె కొట్టి ఎంటర్ నొక్కితే సరి. పాత లింకు చెరిపేసి సొంతంగా కొత్తది పెట్టే వీరులూ ఉన్నారు, మీరు ఆ జోలికి పోకండి.

ఆ పట్టికలో సున్నా వరుసని గమనించండి. అది ఆటో మోడ్. ప్రయారిటీ ఎక్కువున్నదే డిఫాల్ట్ అవుతుంది. 7.4 కి ప్రయారిటీ 74, 8.1 కి 81. రేపు ఎవరైనా ఇంకేదో ప్యాకేజీ వేస్తూ దాంతోపాటు 8.3 దింపారనుకోండి, మీకు మాట మాత్రమైనా చెప్పకుండా టెర్మినల్ 8.3 కి వెళ్లిపోతుంది. అందుకే ఇప్పుడున్న డిఫాల్ట్ మీకు సరిపోయినా సరే, ఒకసారి సున్నా కాకుండా ఆ వెర్షన్‌కి విడిగా ఉన్న వరుసని ఎంచుకుని మాన్యువల్ మోడ్‌లో పెట్టండి.

వెర్షన్ మారితే దాని సరంజామా వెంట రాదు. 7.4 కి వేసిన మైఎస్‌క్యూఎల్, ఎంబీస్ట్రింగ్ ఎక్స్‌టెన్షన్లు 8.1 కి విడిగా వేయాలి. సెట్టింగుల ఫైలూ వేరే. పీహెచ్‌పీ డాష్ ఎమ్ కొడితే ఏవి ఉన్నాయో, ఏవి లేవో తెలిసిపోతుంది.

అసలు దెబ్బ తగిలేది క్రాన్‌లో. రాత్రిపూట రిపోర్టులు తీసే స్క్రిప్టు, వట్టి పీహెచ్‌పీ అని రాసి ఉంటే, డిఫాల్ట్‌తోపాటే మారిపోతుంది. 8.0 లో ఈచ్, క్రియేట్ ఫంక్షన్ తీసేశారు. వాటిని వాడిన స్క్రిప్టు ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, అది నయం. భయపడాల్సింది పోలికల విషయంలో. రెండు ఈక్వల్ గుర్తులతో సున్నాని, అంకెలు లేని పదంతో పోల్చితే 7 లో సమానం, 8 నుంచి కాదు. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో గీత పడదు. లెక్క మాత్రం తప్పుతుంది.

కాబట్టి కంపోజర్ ఒక్కటే తంటా పెడుతుంటే డిఫాల్ట్ ముట్టుకోవద్దనే నేనంటాను. పీహెచ్‌పీ 8.1 అని వెర్షన్ నంబరుతో సహా పిలిచి, దాని పక్కన కంపోజర్ ఫైలు పూర్తి దారి ఇవ్వండి. పని జరిగిపోతుంది, పక్కవాటికి సెగ తగలదు. ఇక ఇదే ధైర్యంతో ఉబుంటులో పైథాన్ 3 డిఫాల్ట్ మార్చబోయేరు! సిస్టమ్ సొంత పనిముట్లు చాలా దాని మీదే నడుస్తాయి, ప్యాకేజీలు దింపే చోటే అడ్డం తిరుగుతుంది.

7.4 కి పీహెచ్‌పీ ప్రాజెక్టు ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2022 నవంబరు 28 తో ఆగిపోయాయి, ఎప్పటికైనా మారక తప్పదు. మార్చే ముందు మీ ఒక్కరి క్రాన్‌టాబ్ చూసి ఊరుకోకండి. రూట్‌ది, వెబ్ సర్వర్ యూజర్‌ది, ఈటీసీలోని క్రాన్ డాట్ డి ఫోల్డరు కూడా తెరవండి. వట్టి పీహెచ్‌పీ అని ఉన్న ప్రతి వరుసలో వెర్షన్ నంబరుతో పూర్తి దారి రాసి, ఆ తర్వాతే లింకు తిప్పండి.