ముక్కు శస్త్రచికిత్స: కొలత ఎవరిది?

(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



కోటేరువంటి ముక్కు, చప్పిడి ముక్కు అను మాటలు మన ఇండ్లలో నేటికిని వినబడుచునే యున్నవి. పెండ్లిచూపులు ముగిసిన సాయంకాలమున మరికొంత గట్టిగా వినబడును. ముక్కును సరిచేయించు శస్త్రచికిత్స కొరకు బెంగుళూరు పోదమను పిల్లలును మనలో కలరు. కనుక దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ చికిత్స చరిత్ర మన సీమను త్రొక్కిన యుద్ధములతో ముడిపడియున్నది. తెగిన ముక్కును చెంప చర్మముతో కట్టు విధానము సుశ్రుతసంహితలోనే కలదు. 1791లో కారన్‌వాలిసు సేనలు కోలారును పట్టుకొనెను. 1792 సంధితో అది మరల మైసూరునకు చేరెను. ఆ యుద్ధముననే ఆంగ్లసేనకు ఎడ్లను తోలిన కావస్‌జీ యను మహారాష్ట్రుడు టిప్పు వారికి చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. ఏడాదికి పైగా అట్లే గడపి, పూనా సమీపమున ఇటుకలు చేయు కులమువాని నొకని ఆశ్రయించెను. అతడు మైనముతో ముక్కు అచ్చును చేసి, చదునుచేసి, నుదుటిపై పరచి చుట్టును గీత గీసెను. ఆ మేరకు చర్మమును ఒలిచి, కన్నుల నడుమ సన్నని తునకను మాత్రము కోయక విడిచి, చర్మమును క్రిందికి త్రిప్పి అమర్చెను. ఆ తునకగుండా రక్తము పారుచుండుటచేతనే క్రొత్త ముక్కు బ్రతికినది. అంటించుటకు తాంబూలపు కాచు. పిమ్మట నేతిలో తడిపిన గుడ్డ. ఇరువదియైదవ దినము ప్రాంతమున తునకను కోయుట. ఇంతియే! 1794 అక్టోబరులో లండనులోని ‘జెంటిల్‌మన్స్ మేగజైను’ దీనిని ప్రకటించెను. 1814లో జోసెఫ్ కార్ప్యూ అచ్చటనే ఆ రీతిని చేసి చూపెను. నుదుటి చర్మపు పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. ఆ ఇటుకలవాని పేరును మాత్రము పత్రికవారు వ్రాయలేదు.

అది పోయినదానిని తిరిగి ఇచ్చుట. ఉన్నదానిని మార్చుట వేరు. 1898లో బెర్లినున జాక్ జోసెఫ్, ముక్కు పెద్దదని నలుగురిలో తిరుగ సిగ్గుపడిన ఒకనికి దానిని తగ్గించెను. ఐరోపా ముఖముల కొలతలే అందమునకు కొలతలని వైద్య గ్రంథములు చాలకాలము నడచినవి. చిక్కు ఇక్కడనే వచ్చినది. చర్మము దళసరిగాను, కొనయందలి మృదులాస్థి మెత్తగాను ఉన్నచో, లోపల ఎంత తరిగినను పైచర్మము సన్నబడదు. ఆధారము తగ్గి కొన క్రుంగును, శ్వాసకు అడ్డు కలుగును. అట్టివారికి ముక్కు నడిమి గోడనుండియో, చెవినుండియో, ప్రక్కటెముకనుండియో మృదులాస్థిని తెచ్చి నిలబెట్టుట మేలు. నల్లని చర్మమున గాయపు మచ్చ ఉబ్బి నిలుచుట ఎక్కువ గనుక, పుటములను ఇరుకుచేయు కోతలో మిక్కిలి జాగ్రత్త వలయును.

అట్లని జాతినిబట్టి మూసలు పోయుటయు తగదు. మన ఇంటిలోనే అన్నకొక ముక్కు, చెల్లెలికొక ముక్కు. తమిళ, కన్నడ, ఆంగ్లో-ఇండియన్ కుటుంబములతో కలసి బ్రతికిన ఈ గనుల ఊరిలో ‘జాతి ముక్కు’ కలదని ఎవరు నమ్ముదురు? వైద్యుడు చూడవలసినది ఎదుట కూర్చున్న ముఖమునే. ఊపిరి ఆడునా యని ముందు అడుగుడు. గని దుమ్ముతో రొమ్ము చెడిన పెద్దలను చూచినవారము, మనకు ఆ ప్రశ్న నేర్పనక్కరలేదు. కోరిక పిల్లదా, చూపులకు వచ్చినవారిదా అనునది తల్లిదండ్రులు ఇంటిలోనే తేల్చుకొనవలెను.

వాపు పూర్తిగా తీయుటకు ఏడాది పట్టును. దళసరి చర్మమునకు ఇంకను ఎక్కువ. కార్తికమున శస్త్రము, మాఘమున పెండ్లి అనువారు ఈ లెక్కను ముందే చూచుకొందురు గాక.