పాత కారునకు పెద్ద ఇంజను

పటాన్‌చెరువునుండి సంగారెడ్డివరకు జాతీయ రహదారి కిరుప్రక్కల నున్న కార్ఖానాల ప్రాంతములో నాకు పరిచయులైన పనివారు, చిన్న వర్తకులు, అద్దెబండ్లు నడుపువారు తఱచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "తండ్రిగారు కొన్న అంబాసిడరు ఇంటిముందు ఉన్నది. బాడీ దృఢముగనే ఉన్నది గాని ఇంజను చాలుట లేదు. పాతసామానుల అంగడిలో పెద్ద ఇంజను చవుకగా దొరకుచున్నది. దానిని ఇందులో అమర్చవచ్చునా?" దీనికి నాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పెదను. నేను లేతుపనితో బ్రతికినవాడను, ఉపన్యాసకుడను గాను. మాటలో కొంత ఇనుపవాసన ఉన్నచో శ్రోతలు మన్నింతురుగాక.

ఈ ప్రశ్న ఈ ప్రాంతమున పుట్టుటలో వింత లేదు. రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కార్ఖానా 1960 దశకమునుండి పనిచేయుచున్నది. ఎద్దుమైలారమున 1984లో వెలసిన కార్ఖానాలో సైన్యమునకు గొలుసుచక్రముల యుద్ధవాహనములు తయారగుచున్నవి. జహీరాబాదులో 1980 దశకమున ఆల్విన్ సంస్థవారు జపానుదేశపు నిస్సాన్ వారి సహాయముతో తేలికరకపు లారీలు చేసిరి. అటుపిమ్మట ఆ కార్ఖానా మహీంద్రావారి చేతికి వచ్చినది. ఇట్టి పెద్ద కార్ఖానాల నీడలో చిన్న చిన్న షెడ్లు పెరిగినవి. ఒక ఇనుపపలకను కొలతకు కోసి, రంధ్రములు వేసి, నున్నగా తిప్పి ఇచ్చు పనివాడు ఇచట వెదకినచో దొరకకపోడు. అందుచేతనే "చేయవచ్చునా" అనుమాటకు జవాబు సులభము. చేయవచ్చును. చేసినపిదప ఏమగును అనునదే విచారింపవలసిన విషయము.

మొదట ఒక సంగతి గమనింపుడు. ఈ పనిని ఆ బండిని తయారుచేసినవారే ఒకప్పుడు చేసినారు. అంబాసిడరు ఇంగ్లండుదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ అను బండి వంశములోనిది. దాని ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది; అదియు ఆంగ్లేయుల నమూనాయే. ఆ ఇంజనుతోనే బండి దశాబ్దములు నడచినది. 1992 ప్రాంతమున హిందుస్థాన్ మోటార్స్ వారు జపాను ఇసుజూ వారి నమూనాపై చేసిన 1817 ఘన సెంటీమీటర్ల ఇంజనును ఇందులో పెట్టిరి. దాని బలము 75 అశ్వశక్తి. కాని వారు ఇంజను ఒక్కటి మార్చి ఊరకుండలేదు. అయిదు గేర్ల పెట్టెను తెచ్చినారు. స్టీరింగు ప్రక్కనుండిన గేరుకఱ్ఱను నేలమీదికి దింపినారు. 2014లో ఉత్తరపాడా కార్ఖానాలో ఆ బండి తయారీ ఆగిపోయినది గాని, వారు చేసిన ఆ మార్పు మనకొక పాఠముగా మిగిలియున్నది.

ఇంజను కొలతలు వేఱగుటచే పాత గేరుపెట్టె దానికి నేరుగా అతుకదు. రెంటి నడుమ ఒక పలక చేయవలెను. పలక చేయుట పెద్ద విద్య కాదు. కేంద్రము నిలుపుట విద్య. ఇంజను క్రాంకు కేంద్రమును, గేరుపెట్టె ఇరుసు కేంద్రమును ఒకే సరళరేఖలో నుండవలెను. అంగుళములో వేయవవంతులు కొన్ని తప్పినను ఇరుసు కొసనుండు చిన్న బేరింగు అరుగును, క్లచ్చి వదలునప్పుడు బండి వణకును, గేరు తనంతట తాను జారిపోవును. అప్పుడు మేస్త్రీ క్లచ్చిని నిందించును, యజమాని క్రొత్త క్లచ్చి కొనును, వణకు మాత్రము పోదు. డయలుగేజి పెట్టి చూచుకొని పలకను బిగించు పనివాడు కూలి ఎక్కువ అడిగినను ఇచ్చుట మేలు.

గేరుపెట్టె పొడవు మారినచో వెనుక చక్రములకు బలమునందించు ప్రొపెల్లరు షాఫ్టును కోసి అతుకవలెను. అతుకునప్పుడు రెండుకొసల కీలుముళ్ళు ఒకే తలమున నుండునట్లు చూడవలెను. తరువాత త్రిప్పి తూకము సరిచూడవలెను. ఈ తూకము చాలమంది విడిచిపెట్టుదురు. నెమ్మదిగా పోవునప్పుడు అది తెలియదు. వేగము పెరిగినకొలది నేల క్రింద గంటకొట్టినట్లు తెలియును. ఇక రేడియేటరు. పెట్రోలు కాలగా పుట్టిన ఉష్ణములో సుమారు మూడవవంతు నీటిలోనికే పోవును. పెద్ద ఇంజను ఎక్కువ పెట్రోలు కాల్చును గనుక పాత రేడియేటరు శీతాకాలమున సరిపోయినట్లే కనుపించి, మే నెలలో ఇస్నాపురము కూడలియందు లారీల వెనుక నిలిచిన సమయమున ఆవిరి చిమ్మును. నేటి పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి ఇరువదివఱకు కలియుచున్నది. పాతకాలపు రబ్బరుగొట్టములు దానికి ఓర్వలేవు. వానిని ఎట్లును మార్చవలసినదే.

ఇంతవఱకు చెప్పినవి డబ్బు తినునవి. ప్రాణము తినునది బ్రేకు. పాత అంబాసిడరునకు నాలుగు చక్రములకును డ్రమ్ముబ్రేకులే. బండిని ఆపుట యనగా దాని పరుగులోని శక్తినంతటిని ఉష్ణముగా మార్చి ఆ డ్రమ్ములలో పోయుట. ఆ శక్తి వేగముతోపాటు సమముగా పెరుగదు; వేగపు వర్గమువలె పెరుగును. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి 85 కిలోమీటర్లు పోయినచో వేగము సగముకంటె తక్కువే హెచ్చినది గాని బ్రేకులపై పడు భారము రెండింతలైనది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి పట్టీలకు దూరమగును, పట్టీలు పట్టు విడుచును, కాలిక్రింది పెడలు నేలకు దిగును.

నేనెఱిగిన డ్రైవరొకడు ఇట్లే పెద్ద ఇంజను పెట్టించుకొని, ముత్తంగి దగ్గఱ వలయరహదారి దిగి వచ్చుచు, ముందు ఆగిన కంటెయినరు లారీ వెనుకభాగమును తాకి నిలిచినాడు. దెబ్బలు స్వల్పము. భార్యాబిడ్డలు బండిలోనే ఉండిరి. మరునాడు నావద్దకు వచ్చి, "ఇంజనుకే పైసలన్నీ అయిపాయె సార్, బ్రేకులకు మిగలలే" అన్నాడు. అతని లెక్కలో బ్రేకులు చివరి వరుసలో నుండినవి. నన్నడిగినచో మొదటి వరుసలో వ్రాయవలెను. ముందు చక్రములకు డిస్కుబ్రేకులు, పెడలుకు బలమిచ్చు సర్వో, క్రొత్త గొట్టములు, ఇవి అమర్చి పాత ఇంజనుతోనే కొన్నాళ్ళు నడిపి, తరువాత ఇంజను మాట తలపెట్టవలెను.

మేస్త్రీలు చెప్పని మఱియొక సంగతి చట్టము. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, 2000లో సవరింపబడిన రూపమున, తయారుచేసినవారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా నిలిపినది. అదే ఏట వచ్చిన సవరణచేత, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు ఆరునెలలవఱకు కారాగారమో, అయిదువేల రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. చెడిన ఇంజను స్థానమున అదే రకపు ఇంజను పెట్టుకొనుటకు రవాణా కార్యాలయమువారి అనుమతి పొందవచ్చును. 1489 ఉన్నచోట 1817 అనగా వేఱుమాట. బీమా లెక్కలోను 1500 ఘన సెంటీమీటర్లు ఒక సరిహద్దు. దానిని దాటిన బండికి మూడవపక్షపు బీమారుసుము హెచ్చు. పత్రములో ఒక ఇంజను, బండిలో వేఱొక ఇంజను ఉండగా ప్రమాదము జరిగినచో బీమాసంస్థ వివాదము లేవనెత్తుటకు చోటు దొరకును. పరిహారపు భారము ఇంటిమీదికి వచ్చుట అప్పుడు అసంభవము కాదు. కావున ఇంజను కొనుటకు ముందే రవాణా కార్యాలయమునకు పోయి, వ్రాతపూర్వకముగా అడిగి, వ్రాతపూర్వకమైన జవాబు పుచ్చుకొనవలెను. నోటిమాట పనికిరాదు.

మఱి డబ్బు తక్కువ గలవాడు ఏమి చేయవలెను? నా అభిప్రాయము సూటిగా చెప్పెదను. పెద్ద ఇంజనే కావలెనన్న, కార్ఖానాలోనే 1800 ఇంజనుతో పుట్టి, పత్రములన్నియు సరిగానున్న పాత అంబాసిడరును వెదకి కొనుట చవుక. పలక, షాఫ్టు, రేడియేటరు, గేరుపెట్టె అన్నియు ఒకచోటనే దొరకును, చట్టముతో పేచీ లేదు. తండ్రిగారి బండినే ఉంచుకొనదలచినచో, దానిలోని ఇంజను నిజముగా చిన్నదగుటచే చాలుటలేదో, అరిగిపోవుటచే చాలుటలేదో ముందు తేల్చుకొనవలెను. నాయొద్దకు వచ్చిన పలువురి విషయమున రెండవదే కారణము. స్పార్కుప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి గేజితో చూడుడు. నాలుగింటిలో ఏదైనను తగ్గినచో ఆ రంధ్రములో కొంచెము నూనె పోసి మరల చూడుడు. ఒత్తిడి పెరిగినచో రింగులో, బోరో అరిగినవి. పెరుగనిచో వాల్వుల మీద అనుమానపడవలెను. బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు వేసి, వాల్వులు అరగదీయించుట మన ప్రాంతపు షెడ్లలో నిత్యము జరుగు పని. ఇంజను నంబరు మారదు, పత్రములు మారవు. ఈ పరీక్షకు కావలసినది ఒక గేజి, ఒక పానా, వెచ్చని ఇంజను, ఒక గంట కాలము.